ప్లీహం అన్నం అరిగిస్తుందా?

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. పుట్టింది గుంటూరులో. ఏడో ఏట అమ్మానాన్నలతో అమెరికా వచ్చేశాను. ఒహాయోలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. తెలుగు ఇంట్లో నేర్చుకున్నాను గానీ నా ఆలోచనంతా ఇక్కడి చదువుదే. నా పేషెంట్లలో చాలామంది ఆక్యుపంక్చర్ కూడా చేయించుకుంటారు, దాని గురించి నన్నే అడుగుతుంటారు. సరే, తెలుసుకుందామని చైనా సంప్రదాయ వైద్యం మూలసూత్రాల మీద వారాంతపు కోర్సులో చేరాను. రెండో క్లాసులోనే 'ప్లీహం (స్ప్లీన్) అన్నాన్ని అరిగించి రక్తం తయారుచేస్తుంది, కోపానికి స్థానం కాలేయం' అన్నారు. ప్లీహం తీసేసిన వాళ్ళకి నేనే వ్యాయామాలు చేయించాను, వాళ్ళు శుభ్రంగా తింటున్నారు. పక్కనున్నవాళ్ళేమో తలూపుతూ రాసుకుంటున్నారు. మావారు 'ఇది మన ఆయుర్వేదమేలే, చి అంటే ప్రాణం, విండ్ అంటే వాతం అని రాసుకో' అంటారు. ఇది నేర్చుకోవాలంటే నా ఫిజియాలజీ పక్కన పెట్టేయాలా? నమ్మితేనే వస్తుందా? చైనీస్ రావాలా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, ఒహాయో

సమాధానం: అమ్మా, ప్లీహం లేని మనిషి హాయిగా భోంచేస్తాడు. అది మీరు కళ్ళారా చూసిన నిజం. దాన్ని క్లాసు గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విడిచి లోపలికి వెళ్ళక్కర్లేదు. అందరూ తలూపుతుంటే మీకు తలూపబుద్ధి కాకపోవడం మంచిదే. చిక్కు ఎక్కడుందో మీకు అప్పుడే తగిలింది. అది ఆ మాటలోనే ఉంది.

చైనీస్‌లో ఆ మాట 'పి'. పాతకాలం వాళ్ళకి ఆ అవయవం తెలుసు. క్రీస్తుకు ముందు రెండు, ఒకటో శతాబ్దాల్లో రూపుకట్టిన 'హువాంగ్‌డి నెయ్‌జింగ్' అనే మూలగ్రంథంలోనే, చనిపోయిన మనిషిని కోసి లోపల చూడొచ్చన్న మాట ఉంది. కాబట్టి పేరు ఆ అవయవానిదే. ఆ పేరు కింద రాసుకున్న పనుల చిట్టా మాత్రం బతికున్న మనుషుల్ని ఏళ్ళ తరబడి చూసి రాసుకున్నది. తిండి మీదికి మనసు పోదు. నాలుగు ముద్దలు తినేసరికి పొట్ట ఉబ్బుతుంది. విరేచనం పల్చగా అవుతుంది. మధ్యాహ్నానికల్లా కాళ్ళూ చేతులూ బరువెక్కుతాయి. ముఖం పాలిపోయి ఉంటుంది, నాలుక అంచుల మీద పళ్ళ అచ్చులు పడి ఉంటాయి. ఇవన్నీ ఒకే మనిషిలో కలిసి కనిపిస్తే 'పి నీరసించింది' అన్నారు.

'ప్లీహం అన్నం అరిగిస్తుంది' అన్నదాన్ని అనాటమీగా చదివితే తప్పే. మీ టీచరు కాదన్నా నేను తప్పనే అంటాను. కొన్ని లక్షణాలు గుంపుగా వస్తాయని గమనించి ఆ గుంపుకి పెట్టుకున్న పేరుగా చదివితే మాత్రం ఆ మాటతో పని జరుగుతుంది. 'పి' ఉన్నచోటల్లా అనువాదకులు స్ప్లీన్ అని రాసిపెట్టారు. అది వినగానే మీ బుర్రలో అనాటమీ పుస్తకం తెరుచుకుంటోంది. ఇంకో నాలుగు క్లాసులు పోతే 'శాన్‌జియావ్' అని ఒకటి వస్తుంది, మూడు పొయ్యిలు అని అర్థం. అది ఒంట్లో ఎక్కడుందా అని వెతుకుతూ కూర్చోకండి. 'పేరుంది, రూపం లేదు' అని వాళ్ళ పాత గ్రంథమే ఒప్పేసుకుంది.

అందుకని మీరు మొట్టమొదట చేయాల్సింది, నోట్సులో అనువాదం మానేయడం. తెలుగు అక్షరాలు మీకు వచ్చు, అది పెద్ద సాయం. పి, గాన్ (కాలేయం), శిన్ (గుండె), ఫెయ్ (ఊపిరితిత్తి) అని తెలుగులోనే రాసుకోండి. ఒక్కో మాటకి ఒక్కో పేజీ. ఆ మాట ఎప్పుడెప్పుడు, ఏ పేషెంటు విషయంలో వాడారో దాని కింద రాస్తూ పోండి. ఆర్నెల్లకి ఆ పేజీయే మీకు అర్థం చెబుతుంది.

నేను ఎంబీబీఎస్ చదివి, పన్నెండేళ్ళు ప్రాక్టీసు చేశాక ఈ వైద్యం నేర్చుకోవడానికి కూర్చున్నాను. మొదటి ఏడాదంతా మీరు ఇప్పుడు పడుతున్న అవస్థే పడ్డాను. మా టీచరుగారు డెబ్బై దాటిన చైనా ఆవిడ. ఒక రోజు ఒక అమ్మాయిని కిటికీ పక్కన వెలుతురులో కూర్చోబెట్టి, నాలుక చూసి చెప్పమన్నారు. చూడగానే 'ఎనీమియా' అన్నాను. 'నేను జబ్బు అడగలేదు, నాలుక అడిగాను' అన్నారావిడ. మళ్ళీ చూశాను. రంగు పాలిపోయి ఉంది, సరే. అంచుల మీద దంతాల గంట్లు. మధ్యలో పల్చటి తెల్లటి పూత, తడిగా మెరుస్తూ. వెనక మొదట్లో ఆ పూతే కాస్త మందంగా ఉంది. కొన మీద ఆవగింజలో సగం లేని ఎర్రటి చుక్కలు. ఆ అమ్మాయి మధ్యమధ్యలో నాలుక లోపలికి తీసుకుంటూ, మళ్ళీ చాపుతూ పాపం ఓపిగ్గా కూర్చుంది. కొన మీద ఎరుపు కనిపిస్తే నిద్ర గురించి అడగమన్నారు టీచరుగారు. అడిగితే, మూడు నెలలుగా రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోందని చెప్పింది. నేను ఎనీమియా అనడం తప్పు కాదు, హిమోగ్లోబిన్ నిజంగానే తక్కువుంది. కానీ ఆ ఒక్క మాట నోట్లోకి రాగానే నా కళ్ళు చూడటం మానేశాయి, నోరు అడగడం మానేసింది. ఆ మధ్యాహ్నం నుంచే నాకు ఈ చదువు పట్టుబడటం మొదలైంది.

ఇక 'చి' సంగతి. మీ కోర్సులో దాన్ని ఎనర్జీ అంటూ ఉండాలి. ఆ మాట చైనా నుంచి వచ్చింది కాదు. జార్జ్ సూలియే ద మొరాన్ అని ఒక ఫ్రెంచి దౌత్యోద్యోగి చైనాలో ఉండి వచ్చి, ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో ఫ్రాన్సులో ఆక్యుపంక్చర్‌ని వ్యాప్తిలోకి తెచ్చాడు. చి అన్నదానికి శక్తి అనీ, ఒంట్లో చి నడిచే దారులైన జింగ్ అన్నదానికి మెరిడియన్ అనీ వాడుకలోకి వచ్చింది ఆయన రాతల వల్లే. పాత లిపిలో 'చి' అన్న అక్షరం చూడండి: కింద బియ్యం గుర్తు, పైన ఆవిరి. అన్నం ఉడుకుతున్న గిన్నె మూత తీస్తే పైకి లేస్తుందే, అది. చైనావాళ్ళ రోజువారీ మాటల్లో వాతావరణం 'థియెన్‌చి', గాలి 'ఖోంగ్‌చి', కోపం రావడం 'షెంగ్‌చి'. మనం 'గాలి సోకింది' అంటాం, 'గాలి మాటలు' అంటాం, 'వాడి గాలి మళ్ళింది' అంటాం. గాలి అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పమంటే మీరు చెప్పగలరా? అయినా ఏ మాట ఎక్కడ వాడాలో ఒక్కసారి కూడా తడబడరు. చి కూడా అలాగే వాడగా వాడగా వస్తుంది. 'శరీరంలో ప్రవహించే శక్తి' అని నిర్వచనం బట్టీపట్టినవాళ్ళు మీటరు పెట్టి కొలవబోతారు, లేదంటే దండం పెట్టి ఊరుకుంటారు.

మీవారు చెప్పినది మనలో ఎవరికైనా మొదట తట్టే ఆలోచనే, నాకూ తట్టింది. కానీ పోలికలు పైపైనే ఉన్నాయి. వాళ్ళ అయిదు మన పంచభూతాలు కావు. కట్టె, నిప్పు, మట్టి, లోహం, నీరు అంటారు వాళ్ళు. గాలి లేదు, ఆకాశం లేదు. భూతాలు ఒక వస్తువు దేనితో తయారైందో చెబుతాయి. వాళ్ళ మాట 'శింగ్', అంటే నడక. వసంతంలో చిగురు వేయడం కట్టె, వేసవి నిప్పు, ఆకు రాలే కాలం లోహం, చలికాలం నీరు. ఒకటి ఇంకోదాన్ని పెంచుతుంది, మరోదాన్ని అదుపులో పెడుతుంది. దీన్ని వాళ్ళు ఎలా వాడతారో చెబుతాను. పరీక్ష రోజు పొద్దున్నే నాలుగుసార్లు బాత్రూమ్‌కి పరిగెత్తే పిల్లలు మనకి తెలుసు. కాలేయం కట్టె, పి మట్టి. టెన్షన్ వల్ల కట్టె బిగుసుకుని మట్టి మీద పడింది అంటారు. అలా అన్నాక మందు ఒక్క కడుపుకే వెయ్యరు, ఆ బిగువు వదిలేందుకు కూడా వేస్తారు. ఇందులో వాతపిత్తకఫాలు తెచ్చి కలిపితే రెండూ చెడతాయి. నాడి సంగతీ అంతే. మన నాడి వైద్యులూ మణికట్టు మీద మూడు వేళ్ళే పెడతారు, వాళ్ళూ మూడే పెడతారు. మనవాళ్ళు వాతం, పిత్తం, కఫం చూస్తారు. వాళ్ళు ఎడమ చేతి మీద గుండె, కాలేయం, మూత్రపిండం, కుడి చేతి మీద ఊపిరితిత్తి, పి, మళ్ళీ మూత్రపిండం చూస్తారు. వేళ్ళు అవే, చదివేది వేరు.

ఒక్కచోట మాత్రం మీరు తెలుగింటి బిడ్డ కావడం కలిసొస్తుంది. మీ క్లాసులో ఉన్న అమెరికన్లకి 'వేడి మందు, చల్ల మందు' అంటే థర్మామీటరు గుర్తొస్తుంది. మీకు అమ్మ గుర్తొస్తుంది. మామిడిపళ్ళు ఎక్కువ తింటే వేడి చేస్తుంది, మజ్జిగ చలవ చేస్తుంది అని వింటూ పెరిగారు కదా. చైనావాళ్ళు అచ్చంగా ఆ అర్థంలోనే 'షాంగ్‌హువో' అంటారు, నిప్పు పైకి లేచిందని. నోరు పూసినా, గొంతు మండినా అదే మాట. ఆ ఊహ మీకు పుట్టుకతో వచ్చింది, అది దాచుకోండి. ఏది వేడి, ఏది చలవ అన్న జాబితా మాత్రం వాళ్ళ దగ్గరే కొత్తగా నేర్చుకోండి.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. క్రీస్తు శకం 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన 'షాంగ్‌హాన్ లున్' అనే గ్రంథంలో 'గుయ్‌జి తాంగ్' అని ఒక కషాయం ఉంది. అందులో అయిదే సరుకులు: దాల్చిన చెట్టు రెమ్మలు, పియోనీ వేరు, అతిమధురం, పచ్చి అల్లం, ఎండు రేగుపళ్ళు. చలిగాలి తగిలి, ఒళ్ళు వెచ్చబడి, చెమట పడుతూనే గాలికి వణుకు పుట్టే మనిషికి ఇస్తారు. తాగించాక ఏం చేయాలో కూడా ఆయన రాశాడు. కాసేపటికి వేడివేడి పల్చటి బియ్యపు గంజి తాగించాలి, దుప్పటి కప్పాలి, ఒళ్ళంతా సన్నగా చెమ్మగిల్లేలా చెమట పట్టాలి, నీళ్ళు కారినట్టు కారకూడదు. మొదటి మోతాదుకే తగ్గితే మిగతాది ఇవ్వొద్దు. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి మాటలు, మన అమ్మమ్మ మంచం పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉండవూ? అదే జలుబు, అదే జ్వరం, కానీ చెమట అసలు పట్టని మనిషికి ఆయన వేరే మందు రాశాడు. జబ్బు ఒకటే అయినా మనిషిని బట్టి వైద్యం మారుతుందనే సూత్రం మీ కోర్సులో ఒక లైనుగా వస్తుంది. నాకది ఈ గంజి దగ్గర అర్థమైంది.

నమ్మితేనే వస్తుందా అని అడిగారు. పడమటి దేశాల్లో దీన్ని నమ్మడం, నమ్మకపోవడం రెండూ మొదటినుంచీ తొందరపాటుగానే జరిగాయి. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్ చైనా వెళ్ళినప్పుడు బీజింగ్‌లో అపెండిసైటిస్ వచ్చింది. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే చేశారు. తర్వాతి రోజు రాత్రి కడుపు ఉబ్బరంతో ఇబ్బంది పడుతుంటే మోచేతి దగ్గర, మోకాళ్ళ కింద సూదులు గుచ్చారు, ఉపశమనం కలిగిందని ఆయన రాశాడు. ఆయన రాసింది అంతే. నోటా నోటా పడి అది 'మత్తు లేకుండా సూదులతోనే ఆపరేషన్ చేశారట' అయిపోయింది. 'మూడు వేల ఏళ్ళుగా చెక్కుచెదరని శాస్త్రం' అన్న ప్రచారం కూడా అలాంటిదే. మీరు చదువుతున్న పాఠ్యక్రమం చక్కగా, గళ్ళు గీసినట్టు ఉండటానికి కారణం 1950లలో చైనా ప్రభుత్వం దాన్ని కూర్చడం. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూల్లో కాలేజీలు తెరిచి, వాటి కోసం పుస్తకాలు రాయించారు. అంతకుముందు గురువుకో పద్ధతి, ఒకరితో ఒకరికి పడేది కాదు. ఇది తెలిస్తే క్లాసులో చెప్పే ప్రతి వాక్యాన్నీ వేదవాక్కులా మోయక్కర్లేదు.

మీ రంగానికి దగ్గరైన పరిశోధన ఒకటి చెబుతాను. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 1162 మందితో జర్మనీలో చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. సంప్రదాయ పాయింట్లలో సూదులు గుచ్చిన వాళ్ళలో ఆర్నెల్ల తర్వాత 47.6 శాతం మందికి గుణం కనిపించింది. పాయింట్లు కాని చోట్ల, పైపైన గుచ్చిన వాళ్ళలో 44.2 శాతం. మందులు, వ్యాయామం, ఫిజియోథెరపీ లాంటి మామూలు చికిత్స తీసుకున్న వాళ్ళలో 27.4 శాతం. రెండు రకాల సూదులూ మామూలు చికిత్స కంటే మెరుగ్గా పనిచేశాయి. అసలు పాయింట్లకీ ఉత్త చోట్లకీ మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ రెండు సంగతుల్లో ఒకదాన్ని దాచి ఇంకోటి చెప్పేవాళ్ళే ఎక్కువ. మీరు పేషెంట్లకి రెండూ చెప్పండి. పెద్దవాళ్ళకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ 2020 జనవరి నుంచి దీర్ఘకాలిక నడుము నొప్పికి ఆక్యుపంక్చర్ ఖర్చు ఇస్తోంది, 90 రోజుల్లో 12 సార్ల వరకు. అది కూడా చెప్పండి, చాలామందికి తెలియదు. నమ్మకం మీద ఒత్తిడి పెట్టుకోకుండా నేర్చుకోండి. మనిషిని అంత శ్రద్ధగా చూడటం, అంత ఓపిగ్గా అడగడం నేర్పే చదువు ఇంకోటి నాకు దొరకలేదు. నేను దీన్ని వదలకపోవడానికి కారణం అదే.

ఒక్క విషయంలో మాత్రం మీ ఫిజియాలజీని గట్టిగా పట్టుకోండి. 1990ల మొదట్లో బెల్జియంలో, బ్రస్సెల్స్‌లో సన్నబడటానికి చికిత్స తీసుకున్న ఆడవాళ్ళకి కిడ్నీలు పాడయ్యాయి. వందకు పైగా బాధితులు తేలారు, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో కాన్సర్ వచ్చింది. వాళ్ళకిచ్చిన చైనా మూలికల మాత్రల్లో ఉండాల్సింది 'హాన్ ఫాంగ్‌జి' వేరు. ఉన్నది 'గ్వాంగ్ ఫాంగ్‌జి'. పేర్లో సగం ఒకటే, మొక్కలు వేరు. రెండోది అరిస్టొలోకియా జాతి, అందులోని ఆమ్లం కిడ్నీని తినేస్తుంది. మన ఊళ్ళలో కనిపించే ఈశ్వరి, గాడిదగడపాకు కూడా ఆ జాతి మొక్కలే, ఊరికే పక్కమాటగా చెబుతున్నాను. సహజమైనది కాబట్టి హాని లేదు అనే పేషెంటుకి ఈ కథ చెప్పండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న వాళ్ళు దాన్‌షెన్, దాంగ్‌గుయ్ లాంటి చైనా మూలికలు తీసుకుంటున్నారేమో అడగండి, రక్తస్రావం పెరిగే ప్రమాదముంది. అతిమధురం రోజూ ఎక్కువగా వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, రాత్రిళ్ళు నిద్ర లేపే నొప్పి ఉంటే, కాలు పట్టు తప్పుతుంటే పి, గాన్ అని మాట్లాడే సమయం కాదు. స్కానింగ్‌కి పంపండి.

చైనీస్ భాష మాట్లాడటం రాకపోయినా నడుస్తుంది. ఓ వంద అక్షరాలు చూసి గుర్తుపట్టగలిగితే చాలు. అవీ ఎందుకంటే, మూత్రపిండం 'షెన్', మనసూ చైతన్యమూ 'షెన్'. మన చెవికి రెండూ ఒకటే, స్వరం వేరు, అక్షరం పూర్తిగా వేరు. రెండూ మీ నోట్సులో ఒకే పేజీలోకి వెళ్ళాయంటే తర్వాత విడదీయలేక చస్తారు. ఆ రెండింటి పక్కన మాత్రం చైనీస్ అక్షరం గీసుకోండి, వంకరగా వచ్చినా పర్లేదు.

మొదలు మీ చేతులతో పెట్టండి. అవి ఇప్పటికే సగం నేర్చుకుని ఉన్నాయి. కండరం మీద వేలు పెట్టి నొక్కుతుంటే ఒకచోట పేషెంటు 'అబ్బా, అదే!' అంటాడు కదా. ఏడో శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావ్ అలాంటి చోట్ల గురించి రాశాడు. వాటి పేరు 'ఆ షి', అంటే 'ఆ, అదే!'. పుస్తకంలోని 361 పాయింట్లు బట్టీపట్టే ముందు, ఒక్క 'జుసాన్లి' చాలు. మోకాలిచిప్ప కింద పేషెంటు నాలుగు వేళ్ళ వెడల్పు దిగి, ముంగాలి ఎముక అంచు నుంచి ఒక వేలు బయటికి జరగండి. కొలత ఆ మనిషి వేళ్ళతోనే, మీ వేళ్ళతో కాదు. ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ నొక్కి చూడండి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే 'హెగు' మాత్రం గర్భిణులకి నొక్కకూడదంటారు. సూది జోలికి ఇప్పుడే వెళ్ళకండి. దానికి మూడు నాలుగేళ్ళ చదువు, లైసెన్సు ఉంటాయి. ఒహాయోలో ఆ లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర మెడికల్ బోర్డు. వారాంతపు కోర్సు సర్టిఫికెట్‌తో గుచ్చే హక్కు రాదు, ఊపిరితిత్తికి చిల్లు పడిన సందర్భాలు ఉన్నాయి.

రేపు పొద్దున్నే మీవారి నాలుక చూడండి. పళ్ళు తోముకోకముందు, కాఫీ పడకముందు, కిటికీ దగ్గర. కాఫీ పూతకి రంగు పట్టిస్తుంది, రాత్రి పసుపు పాలు తాగినా అంతే. జబ్బు పేరు రాయొద్దు. రంగు, ఆకారం, పూత, తడి, అంతే రాయండి. నెల రోజులు రోజూ రాయండి, ఆయన ఏం తిన్నారో, ఎలా పడుకున్నారో పక్కనే ఒక లైను. ఆ తర్వాత మొదటి రోజు పేజీ, ముప్పయ్యో రోజు పేజీ రెండూ నాకు పంపండి. అప్పుడు పి గురించి మళ్ళీ మాట్లాడుకుందాం.